శంకరణ్ణ చూపించిన ఊరు

మా అవ్వకు హిందీ ముక్క రాదు. తెలుగు కాక ఆమెకు వచ్చిందల్లా సంతలో బేరమాడేంత కన్నడం. అలాంటి మనిషి మా చిన్నప్పుడు దూరదర్శన్‌లో వచ్చిన హిందీ సీరియల్ 'మాల్గుడి డేస్' ఒక్క భాగం కూడా వదలకుండా చూసింది.

మాది హిందూపురానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. అప్పట్లో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ, ఎదురింటి బట్టలకొట్టు వాళ్ళది. రెండు వైపులా చెక్క తలుపులున్న బ్లాక్ అండ్ వైట్ పెట్టె. బొమ్మ సరిగా రాకపోతే వాళ్ళ పెద్దోడు మిద్దెక్కి యాంటెన్నా తిప్పేవాడు. పైనుంచి "వచ్చిందా?" అని వాడు, కిందినుంచి "రాల్యా!" అని మేము. బొమ్మ నిలిచేసరికి పిల్లలమంతా నేల మీద, మా వెనక ఆడవాళ్ళు, అందరికన్నా చివర స్తంభానికి ఆనుకుని మా అవ్వ. ఒళ్ళో చిన్న రోలు పెట్టుకుని వక్కాకు దంచుకుంటూ ఉండేది. 'తాన న తాన నాన నా' అని ఆ పాట మొదలవగానే దంచడం ఆపేది.

ఆ పాటకు మాటలు లేవు కదా, బహుశా అందుకే మా అందరికీ అది సొంతమైపోయింది. తెర మీద ఒక్కో గీత బొమ్మ వచ్చి పోతుంటే మా వీధి పిల్లలందరం ఒకే గొంతుతో పాడేవాళ్ళం. ఆ బొమ్మలు వేసింది ఆర్.కె.లక్ష్మణ్ అని, ఆ కథలు రాసిన ఆర్.కె.నారాయణ్‌కి ఆయన స్వయానా తమ్ముడని, సంగీతం ఎల్.వైద్యనాథన్‌దని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మన సింగీతం శ్రీనివాసరావు గారు మాటల్లేకుండా తీసిన 'పుష్పక విమానం'కి కూడా సంగీతం ఈ వైద్యనాథన్‌దే. మాట అవసరం లేని చోట ఏం వినిపించాలో ఆయనకు బాగా తెలుసనిపిస్తుంది నాకు.

అవ్వ దగ్గరికి వస్తాను. స్వామి తెర మీద కనబడితే చాలు, "మన సామి వచ్చినాడు" అనేది. ఇస్త్రీ లేని చొక్కా, తల మీద టోపీ, పెద్ద కళ్ళు. ఆ పిల్లాడు మాస్టర్ మంజునాథ్. "ఏమంటాండాడు రా?" అని అవ్వ అడిగేది. నాకు మాత్రం హిందీ ఏం వచ్చు? మూడో తరగతి. తోచింది చెప్పేవాణ్ణి. కాసేపటికి ఆమే నాకు చెప్పడం మొదలుపెట్టేది. "వాళ్ళ నాయన కోప్పడతాడని భయం వానికి, ఇంట్లోకి పోకుండా గోడ పక్కన నిలబడినాడు చూడు." నిజంగా అంతే ఉండేది కథ.

నన్ను గట్టిగా పట్టుకున్న భాగం, స్వామిని వాళ్ళ నాన్న ఒంటరిగా పడుకోమన్నది. పులితో పోరాడిన ఒక పల్లెటూరి పిల్లాడి సంగతి పేపర్లో చదివి, ధైర్యం ఉంటే వయసుతో పనిలేదని నాన్న అంటాడు. అలాగైతే ఈ రాత్రికి నా ఆఫీసు గదిలో ఒక్కడివే పడుకో చూద్దాం అంటాడు. స్వామి వెళ్ళి నాయనమ్మ పక్కన దుప్పటి ముసుగేసుకుంటే, అక్కడినుంచి లేపి తీసుకుపోతాడు.

అప్పటికి నేనూ అవ్వ బొంతలోనే పడుకునేవాణ్ణి. మా ఇంట్లో రాత్రి ఒంటేలుకు వెళ్ళాలంటే దొడ్డి దాటి, చింతచెట్టు కింద నుంచి పోవాలి. ఆ చీకటి ఎంత ఉంటుందో నాకు తెలుసు. స్వామి ఆ గదిలో బల్ల కింద దూరినప్పుడు వాడి భయం నా పొట్టలో తిరిగింది. చీకట్లో ఏదో కదులుతుంది, వాడు భయం ఆపుకోలేక దాని కాలు పట్టుకుని కొరుకుతాడు. తీరా చూస్తే అది దొంగ కాలు. తెల్లారేసరికి వాడు ఊరందరికీ వీరుడు. అంత జరిగాక ఆ రాత్రి ఏం చేస్తాడు? మళ్ళీ పోయి నాయనమ్మ పక్కనే పడుకుంటాడు.

అవ్వ ఆ రోజు నోట్లో వక్కాకుతో ఎంత నవ్విందో. ఇంటికి వచ్చాక బొంత పరుస్తూ, "రా సామీ, పడుకుందాం" అంది. ఆ పేరు తర్వాత చాన్నాళ్ళు నాకు ఉండిపోయింది.

ఆ భయాన్ని అంత దగ్గరగా చూపించినాయన ఎవరో నాకు తెలియదు. పేర్లు వేసేటప్పుడు చదివే వయసు కాదు. 'డైరెక్టర్' అనే మాటకి అర్థమే తెలియదు. తెలిసింది 1989 ఎండాకాలం సెలవుల్లో, గౌరీబిదనూరులో.

అక్కడ మా చిన్నమ్మ వాళ్ళుండేవారు. సరిహద్దు దాటితే చాలు కర్ణాటక అయినా, ఆ ఊళ్ళో సగం మంది తెలుగే మాట్లాడతారు. చిన్నాన్న కన్నడ సినిమాలంటే చెవి కోసుకునేవాడు. ఆ వేసవిలో నన్ను, వాళ్ళ పిల్లల్ని 'సాంగ్లియానా'కి తీసుకుపోయాడు. ఖాకీ డ్రెస్సు వేసుకున్న పోలీసాఫీసరు, చురుకైన నడక, తలకు అడ్డంగా పడే జుట్టు, కాలెత్తి తంతే రౌడీలు గాల్లో తేలిపోవడం. హాలు మొత్తం ఈలలు. నేనూ వేశాను. బయటికొచ్చాక చిన్నాన్న చెరకురసం ఇప్పిస్తూ, "మీరు పాడతా ఉంటారే తాన న తాన నా అని, దాన్ని తీసింది ఈయనే రా, శంకర్ నాగ్" అన్నాడు.

నేను నమ్మలేదు. కాలెత్తి తన్నే మనిషి, స్వామి బల్ల కింద దూరడం తీస్తాడా? చిన్నాన్న ఒట్టేసి చెప్పాడు. ఆ రాత్రి మిద్దె మీద పడుకుని చాలాసేపు ఆ ముఖాన్నే తలచుకున్నాను.

పెద్దయ్యాక ఆయన గురించి దొరికిందల్లా చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. 1954 నవంబర్ 9న పుట్టాడు, ఉత్తర కన్నడ జిల్లా హొన్నావర ప్రాంతం వాడు. బొంబాయిలో మరాఠీ నాటకాలు వేస్తూ పెరిగిన మనిషి. అక్కడే నాటకాల్లోనే అరుంధతి గారు పరిచయమై, పెళ్ళి చేసుకున్నారు. అన్న అనంత్ నాగ్ అప్పటికే పేరున్న నటుడు. శ్యామ్ బెనెగల్ తెలుగులో తీసిన 'అనుగ్రహం'లో వాణిశ్రీ గారి పక్కన చేసినాయన ఆ అనంత్ నాగే. తమ్ముడు శంకర్‌ని సినిమాకి తెచ్చింది దర్శకుడు గిరీష్ కర్నాడ్. 1978లో వచ్చిన 'ఒందానొందు కాలదల్లి' మొదటి సినిమా. ఆ మొదటి వేషానికే అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

అక్కడినుంచి ఆ మనిషి ఆగింది లేదు. పన్నెండేళ్ళలో సుమారు ఎనభై సినిమాల్లో నటించాడు. 'ఆటో రాజా' వచ్చాక కర్ణాటక ఆటోవాళ్ళకు దేవుడైపోయాడు. ఒకపక్క నాటకాలు, మరోపక్క దర్శకత్వం. రికార్డింగు కోసం ప్రతివాళ్ళూ మద్రాసు పరుగెత్తే రోజుల్లో బెంగళూరులోనే 'సంకేత్' స్టూడియో పెట్టాడు. ఆ పరుగులోనే మాల్గుడి కూడా. తీసేనాటికి ఆయనకు ముప్పై దాటి ఏడాదో రెండేళ్ళో. ఇప్పుడు నాకు నలభై దాటి చాలా అయింది, ఆ లెక్క వేసుకున్న ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది.

మాల్గుడి అనేది మ్యాపులో లేని ఊరు. నారాయణ్ గారు కాగితం మీద కట్టిన ఊరు. అంతకుముందు ఆయన నవల 'గైడ్' సినిమాగా తీసినప్పుడు, తన మాల్గుడిని వదిలేసి కథని ఎక్కడెక్కడికో ఎత్తుకుపోయారని ఆయన ఎంత బాధపడ్డారో ఆయనే రాసుకున్నారు. అలాంటి రచయిత కథల్ని తీసుకుని, శంకర్ నాగ్ చేసిన మొదటి మంచి పని ఊరిని వెతకడం. శివమొగ్గ జిల్లాలో, తీర్థహళ్ళి తాలూకాలో, పశ్చిమ కనుమల అంచున ఉన్న అగుంబె దొరికింది. ఏడాదిలో సగం రోజులు వాన కురిసే ఊరు. పెంకుటిళ్ళు, చెక్క స్తంభాలు, రెండు మూడు వీధులు, చుట్టూ అడవి. కళా దర్శకుడు జాన్ దేవరాజ్ ఆ వీధుల్నే 1930ల నాటి మాల్గుడిగా మార్చారు. ఊరి జనం చాలామంది తెర మీద కూడా కనబడతారు. బెంగళూరు నుంచి కన్నడ నాటకరంగం వాళ్ళని తీసుకొచ్చి, అడవి మధ్య ఊళ్ళో కూర్చోబెట్టి, దేశమంతా చూసే హిందీ సీరియల్ తీశాడు. మొదట్లో కొన్ని భాగాలు ఇంగ్లీషులో కూడా తీశారు. ఆ హిందీ మా అవ్వకు దగ్గరగా ఎందుకు అనిపించిందో ఇప్పుడు నాకు తెలుస్తుంది. వాళ్ళ నోట్లో అది మన వైపు మాటలాగా నెమ్మదిగా, నిండుగా పలికేది.

స్వామి నాన్నగా వేసింది గిరీష్ కర్నాడ్. మా అమ్మ మొదటిసారి చూసినప్పుడే "ఈయన 'ఆనంద భైరవి'లో కూచిపూడి గురువు కదా" అని పట్టేసింది. శంకర్‌ని మొదట కెమెరా ముందు నిలబెట్టినాయన, ఎనిమిదేళ్ళ తర్వాత అదే శంకర్ చెప్పినట్టు కెమెరా ముందు నిలబడ్డాడు. ఆ నాన్న పాత్రని ఎవరైనా పిల్లల పాలిటి రాక్షసుడిలా తీసేవాళ్ళు. ఇందులో అలా ఉండదు. కొడుకంటే ప్రేమ ఉండి, దాన్ని ఎలా చూపాలో చేతకాని మా నాయనల తరం మొత్తం ఆ మనిషిలో కనబడుతుంది.

నాయన అన్నాను కాబట్టి ఈ సంగతి చెప్పాలి. మా నాయన పోస్టుమ్యాన్.

ఖాకీ చొక్కా, భుజాన సంచి, చుట్టుపక్కల పల్లెలకి సైకిలు. నాలుగు మూలలా పసుపు పూసిన కార్డు తెస్తే జనం ఎదురొచ్చి చెంబుతో మంచినీళ్ళిచ్చేవాళ్ళు. అంచుకి నల్ల సిరా పూసిన కార్డైతే వాకిట్లోనే చదివి, అక్కడే చించేసేవాళ్ళు, ఇంట్లోకి పోనిచ్చేవాళ్ళు కాదు. చదువు రాని వాళ్ళకి నాయనే చదివి పెట్టాలి. ఆ రోజుల్లో ఇంటికొచ్చాక సంచి మేకుకి తగిలించే తీరు చూసి అమ్మకు తెలిసిపోయేది, ఈ రోజు ఏ కార్డు చదివాడో.

నాయన టీవీకి వచ్చేవాడు కాదు. అలసట. పోస్టుమ్యాన్ కథ వస్తోందని తెలిసి, అమ్మ పోరితే ఒక్కసారి వచ్చాడు. తానప్ప అనే పోస్టుమ్యాన్, రామానుజం అనే ఆయన ఇల్లు. కూతురికి ఎన్నో సంబంధాలు తప్పిపోయి చివరికి ఒకటి కుదురుతుంది. ఆ ముహూర్తం దాటితే మళ్ళీ కుదరదు. సరిగ్గా అప్పుడే, రామానుజం చిన్నాన్నకి ప్రాణం మీదికి వచ్చిందని కార్డు, వెనకే చనిపోయాడని టెలిగ్రాం. తానప్ప ఆ రెండూ దాచేస్తాడు. పెళ్ళి జరిగిపోయాక తెచ్చి చేతిలో పెట్టి, పైవాళ్ళకి మీరు ఫిర్యాదు చేస్తే నా ఉద్యోగం పోతుంది, తప్పు నాదే అంటాడు. రామానుజం కూలబడిపోతాడు. ఫిర్యాదు మాత్రం చేయనంటాడు.

ఈ కథని ఏడుపు పాటతో, ఉరుములతో తీయవచ్చు. శంకర్ నాగ్ ఏమీ చేయలేదు. ఇద్దరు మనుషుల్ని, ఒక కాగితాన్ని మన ముందు పెట్టి ఊరుకున్నాడు. ఎవరిది తప్పో చెప్పలేదు. ఆ తర్వాత ఎదురింట్లో ఎంత వాదన జరిగిందని! బట్టలకొట్టు ఆయన తానప్ప దేవుడన్నాడు. ఆయన భార్య, "సొంత చిన్నాన్న ఆఖరి చూపు పోగొట్టినాడు, ఏం దేవుడు?" అంది. అందరూ మా నాయన వైపు తిరిగారు, ఆ ఉద్యోగం చేసేది ఆయనే కదా.

నాయన చెప్పులేసుకుంటూ, "తప్పే. సంచిలో ఉండేది మనది కాదు, ఎట్ల దాస్తాం?" అన్నాడు. అంతే. ఇంటికి నడిచేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు కానీ ఒక్క మాట మాట్లాడలేదు.

1990 అక్టోబరులో ఒక పొద్దున, పేపరు తెచ్చింది కూడా నాయనే. సెప్టెంబర్ 30న దావణగెరె దగ్గర అనగోడు అనే ఊరి వద్ద కారు ప్రమాదం. షూటింగుకి పోతూ శంకర్ నాగ్ మరణం. వయసు 35. కారులో ఉన్న భార్య, కూతురు బతికి బయటపడ్డారు. నాకు ఆ ముఖం గుర్తొచ్చింది, సాంగ్లియానా ముఖం. అవ్వకి చెప్పాను, "అవ్వా, సామిని తీసినాయన చనిపోయినాడంట." అవ్వ తీసినాయన అనే మాట పట్టించుకోలేదు. "సామికా? సామికేమైంది?" అని కంగారుపడింది. స్వామి బాగున్నాడు, వాడికేం కాలేదు అని నాలుగుసార్లు చెబితే గానీ కుదుటపడలేదు. ఆ తర్వాత మెల్లగా, "పాపం, ఎవురి బిడ్డో" అంది.

ఉద్యోగానికి బెంగళూరు పోయాక ఆయన్ని రోజూ చూసేవాణ్ణి. ఆటో వెనక అద్దం మీద, ఆటోస్టాండు బోర్డు మీద, అదే జుట్టు, అదే నవ్వు. అక్కడ ఆయన శంకరణ్ణ. ఒకసారి మెజెస్టిక్ నుంచి వస్తూ, నాకంటే బాగా చిన్నవాడైన డ్రైవర్ని అడిగాను, నువ్వు పుట్టేసరికే ఆయన లేడు కదయ్యా అని. "మా నాన్న ఆటోలో ఉండేది సార్ ఈ ఫోటో, నేను బండి మార్చినా దాన్ని మార్చలేదు" అన్నాడు. మాల్గుడి గురించి అడిగితే, నోటితో ఆ పాట మొదలుపెట్టాడు. సిగ్నల్ దగ్గర ఇద్దరం పూర్తిచేశాం.

జేపీ నగర్‌లో రంగశంకర ఉంది. శంకర్‌కి నాటకాల కోసమే ఒక మంచి హాలు ఉండాలని కోరిక. ఆయన పోయాక, ఆ ప్రమాదంలో తానూ దెబ్బతిన్న అరుంధతి గారు ఏళ్ళ తరబడి తిరిగి, డబ్బు కూడబెట్టి, 2004లో దాన్ని నిలబెట్టారు. నాటకం మొదలయ్యే వేళకి తలుపు మూస్తారు, ఒక్క నిమిషం ఆలస్యమైనా ఎవరినీ రానివ్వరు. ఈ నియమం నాకు చాలా ఇష్టం. తలుపు మూసుకున్నాక ఒక క్షణం హాలంతా చీకటి, చిన్న చప్పుడు కూడా ఉండదు. ఆ క్షణంలో నాకు ప్రతిసారీ స్వామి నాన్న ఆఫీసు గది గుర్తొస్తుంది.

2006లో కవితా లంకేశ్ దర్శకత్వంలో మరో 15 భాగాలు వచ్చాయి. శ్రద్ధగానే తీశారు, చూశాను. నా మనసు మాత్రం శంకర్ తీసిన ఆ 39 దగ్గరే ఆగిపోయింది.

2022లో నాయన్ని తీసుకుని ఆ వైపు వెళ్ళాను. అవ్వ లేదు, అమ్మా లేదు. నాయనకి డెబ్భై ఎనిమిది. ముందు అరసాళు రైల్వే స్టేషన్‌కి పోయాం. సీరియల్‌లో మాల్గుడి స్టేషన్ అదే. పాత కట్టడాన్ని బాగుచేసి 2020లో మాల్గుడి మ్యూజియం చేశారు. ఆ పనిలోనూ జాన్ దేవరాజ్ చెయ్యి ఉంది. స్వామి స్నేహితుడు రాజం వాళ్ళ నాన్నకి బదిలీ అయి వెళ్ళిపోతుంటే స్వామి ఒక చిన్న పుస్తకం పట్టుకుని స్టేషన్‌కి వస్తాడే, మాట్లాడే లోపే రైలు కదిలిపోతుందే, ఇంకో స్నేహితుడు మణి ఆ పుస్తకాన్ని ఎలాగో రాజం చేతికి అందిస్తాడే, అదంతా తలచుకుంటూ ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా నడిచాను. నాయన బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు.

అక్కడినుంచి అగుంబె. దొడ్డమనె ఊరి వీధిలోనే ఉంది. స్వామి ఇల్లు అదే. నల్లబడిన చెక్క స్తంభాలు, మధ్యలో ఆకాశం కనిపించే తొట్టి, ఎన్ని అడుగులు పడ్డాయో నున్నగా అయిపోయిన గడపలు. ఇంటివాళ్ళు లోటాల్లో వేడి కషాయం ఇచ్చారు. అరుగు మీద కూర్చున్నాం. ఎదురుగా వీధి తడిసి ఉంది.

నాయన చాలాసేపు ఆ వీధినే చూశాడు. తర్వాత, "ఆ పోస్టుమ్యాను నడిచింది ఈ వీధిలోనేనా?" అన్నాడు. ఇక్కడే అయ్యుంటుంది నాయనా అన్నాను.

"నేనూ ఒకసారి పెట్టుకున్నాను రా."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నల్లకార్డు. ఆ ఇంట్లో పిల్లని చూసుకునేకి వచ్చినారు, చాపలేసి కూర్చున్నారు. నేను గేటు కాడ నిలబడినాను. ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చిచ్చింది నాకు, పసుపుకార్డు అనుకొని. నీళ్ళు తాగినాను, ఏమీ లేదమ్మా ఊరికే వచ్చినా అని చెప్పి సైకిలెక్కినాను. సాయంత్రం దాకా సంచిలోనే ఉణ్ణింది."

"ఈ సీరియల్ రాకముందా, వచ్చినాకనా?"

"ముందే."

"ఎవరింటికి నాయనా?"

నాయన చెప్పలేదు. లోటాలో మిగిలిన కషాయం తాగి, దాన్ని జాగ్రత్తగా అరుగు మీద పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు.

"పద, వాన వచ్చేట్టుంది" అన్నాడు.